విరగని మెడకు సాక్ష్యం

మా చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా జబ్బున పడితే అందరూ ఉపవాసముండి ప్రార్థిస్తారు. ఆ మనిషి ఆస్పత్రి నుంచి ఇంటికి చేరాక వచ్చే మొదటి ఆదివారం, ఇంటివాళ్ళలో ఒకరు మైకు ముందు నిలబడి, దేవుడు చేసిన మేలు ఇదీ అని సాక్ష్యం చెప్పాలి. చెప్పకుండా ఊరుకుంటే, పొయ్యి వెలిగించకుండా మన కోసం మోకాళ్ళ మీద ఉన్నవాళ్ళకు మొహం చాటేసినట్టే.

ఆ ఆదివారం చెప్పాల్సింది నేను. చెప్పాల్సింది మా ఆయన మెడ గురించి. ఆ చెప్పేదాన్ని బట్టి ఆయన ఇకమీదట మందిరం గడప తొక్కుతాడా లేదా అన్నది తేలుతుంది. ఈ మాట ఆయనే అన్నాడు. మా ఆయన అన్నమాట మీద నిలబడే రకం.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా నాన్న ఊళ్ళో ఉపదేశి, పాస్టరు రాని వారాల్లో మందిరంలో వాక్యం చెప్పేవాడు. అక్షరాలకన్నా ముందు నాకు వాక్యాలు నోటికొచ్చాయి. ఇప్పుడు ఆదివారం బడిలో పిల్లలకు అవే నేర్పుతున్నాను. మా ఆయనవాళ్ళది శివుణ్ణి కొలిచే ఇల్లు. మా అత్త ఏటా శివరాత్రికి కోటప్పకొండ ఎక్కుతుంది, మోకాళ్ళు నొప్పులని తిట్టుకుంటూనే ఎక్కుతుంది. ఇద్దరం ఇష్టపడి చేసుకున్న పెళ్ళి కనుక ఎవరి దేవుడి జోలికి ఎవరం పోలేదు. మా ఆయన చాలా ఏళ్ళు నన్ను బండి మీద మందిరం గేటు దాకా దించి, ఎదురుగా టీ కొట్లో కూర్చునేవాడు. ఈ మధ్యనే లోపలికి రావడం మొదలుపెట్టాడు. చిట్టచివరి బల్ల, తలుపు పక్కన. ఎప్పుడైనా లేచిపోవడానికి వీలుగా. ఆయన ఆ బల్ల దాకా రావడానికి నేనెంత కాలం ప్రార్థించానో నాకే తెలుసు.

ఆయన పని నాపరాళ్ళు. మాచర్ల రోడ్డులో రాళ్ళ కొట్టు ఉంది. బండల్ని తల మీద పెట్టుకుని ట్రాక్టరుకి ఎక్కించడం, ఇంటి దగ్గర దించడం. మీసాలు రాకముందు నుంచీ అదే పని. తలగుడ్డ చుట్ట చేసి నెత్తిన పెట్టుకుని, ఇద్దరు ఎత్తితే గానీ లేవని బండను ఒక్కడే నెత్తి మీద మోసుకుంటూ నడుస్తాడు. నడుస్తూ మాట్లాడతాడు కూడా.

ఒక శుక్రవారం సాయంత్రం ఇంటికొస్తుంటే, టిప్పరు ఒలకబోసిన కంకర మీద బండి జారింది. పడి, లేచి, దుమ్ము దులుపుకుని మళ్ళీ బండెక్కబోయాడట. నుదుటి నుంచి రక్తం కారుతుంటే దారినపోయేవాళ్ళు పట్టుకుని ఆపి 108కి ఫోన్ చేశారు. నరసరావుపేటలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నేనూ మా అత్తా ఆటోలో చేరేసరికి నుదుటికి కుట్లు పడ్డాయి. మెడకు గట్టి పట్టీ వేసి, మనిషిని వెల్లకిలా పడుకోబెట్టారు.

మా అత్త చూసీ చూడగానే అందుకుంది. "ఒరేయ్, నుదురు పగిలితే మెడకి పట్టీ ఏందిరా? పొగరుబోతు గిత్త మెడకి కొయ్య బొండ కట్టినట్టు."

"నన్నడుగుతావేందమ్మా, వాళ్ళనడుగు. నాకు తల తిప్పనీకుండా చేశారు. కప్పు తప్ప ఏం కనపట్టల్లా."

డ్యూటీలో ఉన్న డాక్టరు చిన్న వయసువాడు. మమ్మల్ని పక్కకు తీసుకెళ్ళి స్కాన్ ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించాడు. "మెడ ఎముకల్లో అన్నిటికన్నా పైదమ్మా ఇది. తలకాయ దీని మీదే కూర్చుంటుంది. ఉంగరంలాగా చుట్టూ కలిసి ఉండాలి. ఇదిగో, వెనకవైపు ఖాళీ కనపడుతోంది. విరిగి ఉండొచ్చు."

"విరిగితే ఏమవుద్ది బాబూ?"

"కదిలితే కాళ్ళూ చేతులూ పడిపోయే ప్రమాదం ఉంది. ఆపరేషన్ పడొచ్చు. మెడ ఎముకల పెద్ద డాక్టరు సోమవారం గుంటూరు నుంచి ఇక్కడికే వస్తారు. దారిలో కుదుపుల్లో తీసుకుపోవడం కన్నా ఆయనొచ్చేదాకా కదపకుండా ఉంచుదాం. ఇంకో స్కాన్ కూడా తీయించి పెడతాం."

మంచం మీంచి మా ఆయన గొంతు వినపడింది. "నాకేం నొప్పి లేదు సార్. నుదురు మండుతుందంతే."

"అదే నాకూ అర్థం కావటం లేదు," అన్నాడు ఆ డాక్టరు. నిజాయితీగల పిల్లవాడు.

నేను బయటికొచ్చి మా పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఆమె నాకు చుట్టం కాదు. మా సంఘంలో స్త్రీల కూడికను నడిపించే పెద్దావిడ, ఊరంతటికీ పెద్దమ్మే. "మెడ ఎముక విరిగిందంటున్నారు" అని ఏడ్చాను. ఆమె ఏడవలేదు. "సోమవారం దాకా మా ఇంట్లో పొయ్యి వెలగదు. అందరికీ చెప్తా. నువ్వు మాత్రం తిను, ఆస్పత్రిలో కళ్ళు తిరిగి పడతావు," అని పెట్టేసింది. ఆ ఒక్క మాటతో నాకు సగం ధైర్యం వచ్చింది.

శనివారం పొద్దున మా అయ్యగారు, పెద్దమ్మ, ఇంకో ఇద్దరు అక్కలు వచ్చారు. మేం పాస్టరుగారిని అయ్యగారనే పిలుస్తాం. ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే ఎవరికైనా జుట్టు చెదిరిపోవాల్సిందే. ఆత్మావేశంలో తలను కుదిపేస్తారు. అలవాటు కొద్దీ చెయ్యి చాపారు. నర్సమ్మ పరుగున వచ్చింది.

"అయ్యా! తల ముట్టుకోవద్దు! ఆ తల కదిలిందంటే మా ఉద్యోగాలు పోతాయి."

అయ్యగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఒక్క క్షణం ఆ చేతుల్ని ఏం చెయ్యాలో ఆయనకు తోచలేదు. తర్వాత మంచం చివరికి వెళ్ళి, బల్ల లాక్కుని కూర్చుని, మా ఆయన రెండు పాదాలూ పట్టుకున్నారు.

మా ఆయన గిలగిల్లాడిపోయాడు. కదలడానికి లేదు. "అయ్యగారూ, కాళ్ళు వదలండి. పెద్దోళ్ళు మీరు, నాకు పాపం తగులుద్ది."

"ఊరుకో నాయనా. ఇయ్యాల నీకు తల లేదు. ఉన్నయ్యల్లా కాళ్ళే."

మా అత్త ఫక్కున నవ్వింది. మా ఆయనకు నవ్వు వచ్చి, నవ్వకూడదని పళ్ళు బిగించాడు. అయ్యగారు కళ్ళు మూసుకుని ప్రార్థించారు. నేను విన్న ఆయన ప్రార్థనల్లో అంత నెమ్మదైనది అదొక్కటే. అరవలేదు, కుదపలేదు. ఆ రాళ్ళ దుమ్ము పట్టిన పగుళ్ళ పాదాలను పట్టుకుని, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతున్నట్టు దేవుడితో మాట్లాడారు. ఆమెన్ అన్నాక కూడా కాసేపు వదల్లేదు.

ఆదివారం ఆరాధన వేళకు పెద్దమ్మ ఫోన్ చేసి, స్పీకరు పెట్టి దిండు పక్కన ఉంచమంది. మందిరంలో వాళ్ళు పాడుతుంటే ఆ పాటలన్నీ మా ఆయన చెవి పక్కన వినపడ్డాయి. డోలు కాస్త వెనకా ముందూ అవుతోంది. పక్క మంచం ముసలాయన, రొంపిచెర్ల రైతు, కాలు విరిగి వచ్చినవాడు, "సౌండు పెంచమ్మాయ్, సగం సగం ఇంటే ఏం బాగుంటది," అన్నాడు. మా ఆయన కప్పు వంక చూస్తూ పడుకున్నాడు. పాదం మెల్లగా తాళం వేస్తోంది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

సోమవారం పెద్ద డాక్టరు వచ్చారు. ఫిల్ములన్నీ చూశారు. కొత్త స్కాన్ చూశారు. కాళ్ళూ చేతులూ గీరి, లాగి, నొక్కి చూశారు. తర్వాత మెల్లగా పట్టీ తీసేయమన్నారు.

"ఇది విరగలేదమ్మా. పుట్టుకతో వచ్చింది," అన్నారు. "తల్లి కడుపులో ఉన్నప్పుడే ఆ ఎముక వెనకవైపు కలవలేదు. కొద్దిమందికి ఉంటుంది. ఉన్నట్టు కూడా తెలియకుండానే బతికేస్తారు. ఇట్లా ఏదో దెబ్బ తగిలి స్కాన్ తీస్తే బయటపడుతుంది. మొదట చూసినవాళ్ళు విరిగిందనుకోవడం మామూలే. అట్లా అనుకుని జాగ్రత్తపడటమే మంచిది కూడా." మా ఆయన వైపు తిరిగి, "నువ్వేం పని చేస్తావు?" అని అడిగారు.

"నాపరాళ్ళ పని సార్."

"అయితే నీకు తేలిగ్గా అర్థమవుతుంది. సుత్తి పెట్టి కొడితే పగిలిన అంచు ఎట్లా ఉంటుంది? ఏట్లో నీళ్ళకు అరిగిన రాయి అంచు ఎట్లా ఉంటుంది? ఇది చూడు. నున్నగా, గుండ్రంగా ఉంది. పగిలింది కాదు." అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు. "రాళ్ళ పనంటే, కోస్తావా?"

"మోస్తాను సార్. నెత్తి మీద."

డాక్టరుగారు ఫిల్ము దించి మనిషిని చూశారు. "నెత్తి మీదా? ఎన్నాళ్ళ నుంచి?"

"చిన్నప్పటి నుంచీ."

"చేతులు తిమ్మిర్లు ఎక్కడం, నడక తూలడం, ఏమీ లేదా?"

"పొద్దున్నే ఆకలి తప్ప ఏం లేదు సార్."

ఆయన నవ్వలేదు. ఫిల్ము మళ్ళీ పైకెత్తి చాలాసేపు చూశారు. "ఇంతవరకూ ఏం కాలేదు, సంతోషం. ఇకమీదట తల మీద బరువు వద్దు. తక్కిన పనేదైనా చేసుకో. ఆపరేషన్ అక్కర్లేదు," అని లేచారు.

మా అత్త ఆయన్ని గుమ్మం దగ్గర ఆపేసింది. "డాక్టరయ్యా, నా కడుపులో కలవలేదంటే ఏంది? నేను సరిగ్గా మొయ్యలేదనా?"

"కాదమ్మా. ఎవరి తప్పూ కాదు."

"ఏడో నెల్లో గూడా మిరపచేలో కలుపు తీశాను. అందుకేమో."

"కాదు తల్లీ. నువ్వు బాగానే మోశావు. చూడు, ఎంత గట్టోడో."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ మాట ఆయన చెప్పకుండా వెళ్ళిపోయి ఉంటే మా అత్త ఈపాటికి కుంగిపోయేది.

నేను పెద్దమ్మకు ఫోన్ చేసి, "విరగలేదంట పెద్దమ్మా, ఆపరేషన్ లేదంట, ఇంటికి పొమ్మన్నారు," అన్నాను. ఆమె ఒక్క కేక పెట్టి స్తోత్రం చెప్పి, "ఉండు, అందరికీ చెప్పాలి," అని పెట్టేసింది. ఆమె తప్పు వినలేదు. శుక్రవారం డాక్టరు విరిగిందన్నాడు. సోమవారం విరగలేదన్నారు. మధ్యలో మేమంతా ఉపవాసం. ఆమెకు లెక్క సరిపోయింది. మా సంఘంలో ఎవరికైనా అలాగే సరిపోతుంది. ఇంటి దగ్గరుంటే నాకూ సరిపోయేదే.

మేం ఇల్లు చేరేలోపే సంఘం వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. 'విరిగిన మెడ ఎముక అతికిన గొప్ప అద్భుతం' అని పెద్ద అక్షరాలు. కింద ఎక్కడి నుంచో తెచ్చిన ఎముకల బొమ్మ. అది మెడ కూడా కాదు, మోకాలు. విజయపురి సౌత్ సంఘంవాళ్ళు నన్ను వచ్చి సాక్ష్యం చెప్పమని అడిగారు. ఎడ్లపాడు నుంచి తెలియనివాళ్ళు వందనాలు పెట్టారు. మా అత్త ఊరుకుంటుందా? పక్కింటామెతో గోడ మీంచి, "కొండ మీద కోటయ్యకి మొక్కుకున్నా. సామే అతికించాడు," అంటోంది.

మా ఆయన మంచం మీద కూర్చుని ఫోన్ చూశాడు, గోడవతల మాట విన్నాడు. "ఏమే, విరగని మెడకి ఇద్దరు దేవుళ్ళు పోటీ పడుతున్నారు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నవ్వులాట కాదు. ఆదివారం నువ్వెట్టా చెప్తావు?"

"ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదయ్యా."

"నువ్వు మైకు పట్టుకుని విరిగింది అతికిందని చెప్తే నేనక్కడ కూర్చోలేను. నా మెడ సంగతి నాకు తెలుసు, డాక్టరు చెప్పింది ఇద్దరం ఇన్నాం. విరగందాన్ని విరిగిందని చెప్తే, మీరు చెప్పే తక్కినయ్యి నేనెట్టా నమ్మాలే? అయ్యి గూడా ఇట్టాంటియ్యేనేమో అనుకోనా?" ఆగి, "అట్టా చెప్పేదానివైతే చెప్పుకో. నేను మళ్ళీ టీ కొట్టు దగ్గరే కూర్చుంటా," అన్నాడు.

ఆ వారమంతా నాకు నెమ్మది లేదు. అబద్ధం చెప్పాలని నాకెప్పుడూ లేదు. కానీ పొయ్యి వెలిగించకుండా మూడు రోజులు మా కోసం కూర్చున్నవాళ్ళు ఉన్నారు. షుగరు జబ్బున్న పెద్దమ్మ నీళ్ళు తాగి కూర్చుంది. వాళ్ళ ముందుకెళ్ళి "మీరు అడిగిన అద్భుతం జరగలేదు, జరగాల్సిన అవసరమే లేకపోయింది" అని చెప్పడం ఎట్లా?

శనివారం పెద్దమ్మ ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె వంకాయలు తరుగుతోంది. కత్తిపీట మీంచి లేవకుండానే అడిగింది.

"శుక్రవారం విరిగిందన్నారా లేదా?"

"విరిగి ఉండొచ్చన్నారు పెద్దమ్మా."

"మరింకేంది? డాక్టర్లు వాళ్ళ మాట నిలబెట్టుకోటానికి పుట్టుకతో వచ్చిందంటారు. ఉపదేశి కూతురివి, నువ్వే ఇట్టా అంటే ఎట్టా తల్లీ? నీ విశ్వాసం ఏమైంది?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇంటికొస్తూ ఆలోచించాను. నా విశ్వాసం ఏమీ కాలేదు. నిజానికి ఆ డాక్టరుగారు ఫిల్ము పైకెత్తి మాట రాకుండా చూసిన దగ్గర్నుంచి నాలో ఏదో కదులుతూనే ఉంది. ఉంగరంలా కలవని ఎముక మీద బండ పెట్టుకుని ఆ మనిషి ఊరూరా తిరిగాడు. మా ఇంటి అరుగు రాళ్ళు అట్లాగే వచ్చాయి. మందిరం నేలకు పరిచిన రాళ్ళు కూడా ఆయన తల మీదే వచ్చాయి, అప్పటికి ఆయన లోపలికి వచ్చి కూర్చునేవాడు కాదు. దేవుడు ఒక శనివారం వచ్చి ఎముక అతికించి వెళ్ళాడని చెప్పడం పెద్ద సంగతా, ఆ ఎముకను అట్లాగే ఉంచి ఇన్నేళ్ళూ మోశాడని చెప్పడం పెద్ద సంగతా? చేసిన మేలు తక్కువైనట్టు దేవుడికి నేను మరో మేలు అంటగట్టడం దేనికి?

ఆదివారం మా ఆయన వచ్చాడు. తలుపు పక్కన చివరి బల్ల మీద కూర్చున్నాడు. నన్ను పిలిచారు. మందిరం నిండిపోయి ఉంది. పెద్దమ్మ మొదటి వరసలో అప్పుడే చేతులు పైకెత్తి సిద్ధంగా ఉంది.

నేను ఉన్నది చెప్పాను. మెడ విరగలేదని, పుట్టినప్పటి నుంచీ అట్లాగే ఉందని, మొదట చూసిన డాక్టరు అనుమానపడ్డాడని, పెద్ద డాక్టరు తేల్చారని. ఎక్కడా ఒక్క స్తోత్రం వినపడలేదు. "ఆ మెడతోనే ఇన్నాళ్ళూ బండలు మోశాడు. మనమెవ్వరం అడగలేదు. నేను గూడా ఎప్పుడూ ఆ మెడ కోసం ప్రార్థన చెయ్యలేదు, ఎందుకంటే నాకు తెలీదు. అడక్కుండానే కాచినవాడికి స్తోత్రం," అన్నాను.

పెద్దమ్మ చేతులు దించింది. కోపంగా కాదు, దిగులుగా అడిగింది. "అయితే మనం కడుపు మాడ్చుకుందంతా ఉత్తదేనా అమ్మాయ్?"

వెనక బల్ల కిర్రుమంది. అందరూ తిరిగి చూశారు. మా ఆయన లేచి నిలబడ్డాడు. అక్కడ ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"ఉత్తదెట్టా అవుద్ది పెద్దమ్మా? మెడ విరగలేదని మనకి సోమవారం తెలిసింది. శని, ఆదివారాలు నాకు తెలీదు గదా. పైకి నవ్వాను గానీ చానా భయమేసింది నాకు. కాళ్ళూ చేతులూ పడిపోతే దీన్ని ఎవరు చూస్తారని." చేత్తో నన్ను చూపించాడు. "అయ్యగారు వచ్చి కూర్చున్నాక, మీ పాటలు ఇన్నాక, కాస్త కంటిమీదికి కునుకొచ్చింది. అది మాత్రం మీ వల్లే." అంతే, కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

పెద్దమ్మ బల్ల మీదే పూర్తిగా వెనక్కి తిరిగింది. "అది ముందే చెప్పొచ్చు గదరా," అంది. ముందు వరసలో ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. అప్పుడు పెద్దమ్మే మొదట స్తోత్రం అంది. ఆమె అన్నాక ఇక మందిరంలో చెవులు చిల్లులు పడ్డాయి.

గ్రూపులో ఆ బొమ్మను అయ్యగారు ఆ మధ్యాహ్నమే తీసేయించారు. విజయపురి సౌత్‌వాళ్ళకు నేను సంగతి చెబితే, అయినా రమ్మన్నారు. వెళ్ళాను, ఇదే చెప్పాను. కొందరికి నచ్చింది, కొందరు మొహాలు ముడుచుకున్నారు. మా అత్త మాత్రం ఆ ఏడు శివరాత్రికి మొక్కు తీర్చుకునే వచ్చింది. "విరక్కుండా చూసినందుకు" అంది. దానికి నేనేమంటాను?

మా ఆయన ఇప్పుడు తల మీద ఏమీ పెట్టడు. కొట్లోనే కటింగ్ మిషను దగ్గర పని ఇచ్చారు. మొదట్లో పక్కవాళ్ళు మోసుకెళ్తుంటే చూడలేక లేచేవాడు, యజమాని కసిరి కూర్చోబెట్టేవాడు. సాక్ష్యం అయిన మరుసటి ఆదివారం ఆయన మందిరానికి రాలేదు, నిద్రొస్తుందన్నాడు. ఆ పై వారం వచ్చాడు. ఈ మధ్య చివరి బల్ల వదిలేసి మగవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుంటున్నాడు. అక్కడైతే ఫ్యాను గాలి బాగా తగులుతుందట. తగులుతుంది, నిజమే.